కర్నూలులో హోటల్ సేల్స్ ఉద్యోగం: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

పదమూడేళ్లుగా హోటల్ సేల్స్‌లో ఉన్నాను. మొదట అనంతపురంలో రిసెప్షన్‌లో నిలబడ్డాను, తర్వాత కర్నూలు వచ్చి సేల్స్‌లోకి మారాను. చుట్టాల పిల్లలు, హోటల్ మేనేజ్‌మెంట్ చదివేవాళ్లు, కొత్తగా హోటల్ కట్టి రూములు ఎట్లా నింపాలో తెలియక తల పట్టుకున్న ఓనర్లు అందరూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతారు. ప్రతిసారీ ఫోన్లో గంట సేపు చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నా.

హోటల్ సేల్స్ అంటే అసలు ఏం చేస్తారు? రూములు ఇప్పుడు యాప్‌లోనే బుక్ అయిపోతాయి కదా?

అవుతాయి. కానీ యాప్‌లో బుక్ అయ్యేది ఎక్కువగా ఒక్క రాత్రి రూము, అందులోంచి యాప్ వాళ్ల కమీషన్ పోతుంది. శ్రీశైలం పోతూ ఒక రాత్రి మన దగ్గర దిగిన కుటుంబం మళ్లీ ఏడాదికి గానీ ఇటు రాదు, వచ్చినా మన దగ్గరే దిగాలని రూలేం లేదు. అదే ఓర్వకల్లు వైపు ఏదో ప్లాంటు పని మీద వచ్చిన ఆరుగురు ఇంజినీర్లయితే సోమవారం దిగి శనివారం పొద్దున పోతారు, మళ్లీ సోమవారం వస్తారు, ఇట్లా నెలల తరబడి. మంగళవారం రాత్రి హోటల్లో లైట్లు వెలిగేది వాళ్ల వల్లే. ఆ రెండో రకం వాళ్లను తెచ్చుకోవాలి, తెచ్చుకున్నాక జారిపోకుండా చూసుకోవాలి, ఆ తర్వాత వాళ్ల దగ్గర డబ్బు వసూలు చేయాలి. ఈ మూడోది ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పరు.

హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ ఉండాలా?

ఉంటే మంచిదే. ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అనే హోటల్ మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష రాసి ప్రభుత్వ సంస్థల్లో మూడేళ్ల బీఎస్సీ చేయొచ్చు, మన వైపు పిల్లలు ఎక్కువగా హైదరాబాద్, తిరుపతి చూసుకుంటారు. నేను మాత్రం బీకాం. బిల్లు చదవడం, బాకీ లెక్క రాయడం నాకు అక్కడే వచ్చాయి, ఈ ఉద్యోగంలో అవే నాకు ఎక్కువ పనికొచ్చాయి. డిగ్రీ ఏదైనా సరే, సేల్స్‌లోకి రాకముందు కనీసం ఆరు నెలలు రిసెప్షన్‌లో నైట్ షిఫ్టు చేయండి. తెల్లారుజామున నాలుగున్నరకు బస్సు దిగి వచ్చిన మనిషికి రూము లేదని ఒక్కసారి మీ నోటితో చెప్పి చూస్తే, తర్వాత క్లయింటుకు మాట ఇచ్చే ముందు మీరే ఆగుతారు.

కర్నూలు లాంటి ఊళ్లో అంతమంది కంపెనీ క్లయింట్లు ఎక్కడున్నారు?

ఇది హైదరాబాద్ వాళ్లు ఎక్కువ అడుగుతారు, కొంచెం వెటకారంగా కూడా. సోలార్, పవన విద్యుత్ వాళ్లు ఉన్నారు. గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, పిన్నాపురం వైపు ప్రాజెక్టు పనులున్నాయి. బేతంచెర్ల, నంద్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. విత్తనాల కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు ఉన్నాయి, ఖరీఫ్‌కు ముందు డీలర్ల మీటింగులు పెడతారు, ఒక్కో దానికి నూట యాభై మంది దాకా. మెడికల్ కాలేజీ చుట్టూ తిరిగే ఫార్మా వాళ్లు, బ్యాంకుల ఆడిట్ టీములు, ట్రిపుల్ ఐటీడీఎంకు వచ్చే ప్రొఫెసర్లు, 44వ నంబరు జాతీయ రహదారి కాంట్రాక్టర్లు, ఓర్వకల్లు పారిశ్రామికవాడలో మిషన్లు బిగించడానికి వచ్చేవాళ్లు. 2021 మార్చిలో ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు మొదలయ్యాక పెద్ద ఆఫీసర్లు కొందరు విమానంలో రావడం మొదలుపెట్టారు, దాంతో పికప్ కారు ఉందా అన్న ప్రశ్న కొత్తగా వచ్చింది.

2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరే జిల్లా అయ్యాక కొన్ని ఖాతాలు (మా దగ్గర రూములు తీసుకునే కంపెనీలను మేము అట్లా అంటాం) మెల్లగా అటు జారిపోయాయి. జిల్లా ఆఫీసు అక్కడుంటే పని మీద వచ్చినవాళ్లు అక్కడే పడుకుంటారు, మనం ఎంత బతిమాలినా డెబ్బై కిలోమీటర్లు వెనక్కి రారు. అట్లాంటి ఖాతా వెంట పడి నేను ఒక ఏడాది వేస్ట్ చేసుకున్నాను.

కీ అకౌంట్ అంటే పెద్ద కంపెనీయేనా?

కాదు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మాతో రేట్ కాంట్రాక్టు, అంటే రూము రేటు ముందే మాట్లాడి రాసుకున్న ఒప్పందం, ఉన్న కంపెనీలు డెబ్బై దాకా ఉంటాయి. అందులో నిజంగా రూములు తీసుకునేవి ముప్పై. కంపెనీల నుంచి మాకు వచ్చే వ్యాపారంలో సగం పైగా ఆ ముప్పైలో ఎనిమిదే ఇస్తాయి. ఆ ఎనిమిదిలో దేశమంతా పేరున్నవి రెండే, మిగతావి మీరు ఎప్పుడూ విని ఉండరు. ఒకటి మిషన్లకు బేరింగులు బాగుచేసే చిన్న సంస్థ. ఎప్పుడూ ఇద్దరే వస్తారు, కానీ నెలలో పద్దెనిమిది రాత్రులు ఉంటారు, బిల్లు పంపిన పన్నెండో రోజుకు డబ్బు పడుతుంది. నాకు అది కీ అకౌంట్. ఏడాదికి ఒక్కసారి నలభై రూములు తీసుకుని, డబ్బుకు ఐదు నెలలు తిప్పించుకునే పెద్ద పేరు కంటే నాకు బేరింగుల వాళ్లే ఎక్కువ.

కంపెనీలో ఎవరిని కలవాలి? మేనేజరునా, జీఎంనా?

జీఎం గారిని కలవండి, ఫోటో దిగండి, కాఫీ తాగండి, వచ్చేయండి. రూము బుక్ చేసేది ఆయన కాదు. అడ్మిన్ సెక్షన్‌లో మూలన ఒక టేబుల్ ఉంటుంది, దాని మీద మూడు ఫోన్లు, ఒక పాత రిజిస్టరు ఉంటాయి, ఆ కుర్చీలో ఉన్న మనిషే మీ క్లయింటు. ఆ మనిషికి కావాల్సింది డిస్కౌంటు కాదు, టెన్షన్ లేకపోవడం. రాత్రి పదిన్నరకు వాళ్ల పెద్దసారు ఫోన్ చేసి 'రూములో ఏసీ పనిచేయట్లేదు' అంటే తిట్లు పడేది ఆ మనిషికే. ఆ ఫోన్ రాకుండా చూడగలిగితే మిమ్మల్ని వదలరు.

ఒక సిమెంటు ఫ్యాక్టరీ అడ్మిన్ అన్న ఉండేవాడు. మొదటిసారి పోయినప్పుడు కూర్చోమని కూడా అనలేదు. 'ఏమ్మా, మీ హోటలోళ్లు నెలకు పదిమంది వస్తారు, అందరూ మాదే బెస్టు అంటారు. మీ దాంట్లో ఏం బాగలేదో అది చెప్పు' అన్నాడు. నేను కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పేశా: రోడ్డు వైపు రూముల్లో రాత్రంతా లారీల చప్పుడు వస్తుంది, లిఫ్టు చిన్నది, రెండో అంతస్తులో సిగ్నల్ సరిగ్గా రాదు. ఆయన రిజిస్టరు తెరిచి, 'అయితే మావోళ్లకు వెనక వైపు, మూడో అంతస్తు' అని రాసుకున్నాడు. ఆ ఖాతా ఆరేళ్లు ఉంది.

సెక్యూరిటీ గార్డును, ట్రావెల్స్ కారు డ్రైవరును కూడా పేరుతో పలకరించండి. ఏ టీము ఎప్పుడు వస్తోందో జీఎం కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

డ్రైవర్ల గురించి అంత పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. కారులో వచ్చిన పెద్దమనిషికి మంచి రూము ఇచ్చి, డ్రైవరును కారులో పడుకోబెట్టే హోటళ్లు చాలా ఉన్నాయి. మేము కింద ఒక గదిలో నాలుగు మంచాలు, ఫ్యాను, స్నానానికి వేడినీళ్లు పెట్టాం. పొద్దున ఉగ్గాని బజ్జీ ఉచితం. పెద్ద ఖర్చేం కాదు. 'సార్, కర్నూలులో ఆ హోటలుకే పోదాం' అని దారిలో చెప్పేది ఎవరనుకుంటున్నారు?

రేట్ కాంట్రాక్టులో ఏమేం రాసుకోవాలి?

రేటు ఒక్కటి రాసి సంతకాలు పెట్టించుకుని వచ్చేవాళ్లను చూశాను, తర్వాత గొడవలన్నీ రాయని వాటి మీదే వస్తాయి. ఏ రకం రూము, ఒకరికి ఎంత, ఇద్దరికి ఎంత, టిఫిన్ కలిపా కాదా, పన్ను వేరేనా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుంది, ఇవి ఎట్లాగూ రాస్తారు. టిఫిన్‌తో ఉంటే సీపీ, ఏమీ లేకుండా రూము ఒక్కటే అయితే ఈపీ, టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం ఉంటే ఎంఏపీ, మూడు పూటలా ఉంటే ఏపీ అంటారు. ఒకాయన నాతో 'మేడం, మనం ఉండేది ఏపీలోనే కదా, ఏపీ ప్లానే వేయండి' అన్నాడు, సీరియస్‌గానే. అప్పటి నుంచి నేను కాంట్రాక్టులో ఈ పొట్టి అక్షరాలు రాయడం మానేసి 'ఉదయం టిఫిన్‌తో కలిపి' అని తెలుగులో చెప్పినట్టే రాస్తున్నా.

రాయడం మరిచిపోయేవి ఇవి. చెక్ ఇన్ టైము మధ్యాహ్నం పన్నెండు అని రాస్తాం, కానీ మన ఊరికి బెంగళూరు బస్సులు తెల్లవారకముందే వస్తాయి, ఐదింటికి దిగిన మనిషి పన్నెండు దాకా లాబీలో కూర్చోడు. ఆరు లోపు వస్తే సగం రోజు ఛార్జీ, ఆరు తర్వాత రూము ఖాళీ ఉంటే ఉచితం, ఏదో ఒకటి ముందే రాసుకోండి. బుక్ చేసి రాకపోతే ఎంత కట్టాలి, ఎన్ని గంటల ముందు రద్దు చేస్తే ఏమీ కట్టక్కర్లేదు, అది కూడా. బుకింగ్ ఎవరి మెయిల్ నుంచి వస్తేనే చెల్లుతుంది, ఆ పేర్లు రెండు రాసుకోండి. లేకపోతే ఆ కంపెనీలో పనిచేసే ప్రతి ఒక్కరూ బామ్మర్ది పెళ్లికి కూడా కంపెనీ రేటే అడుగుతారు.

కంపెనీ ఏది కడుతుంది, గెస్టు ఏది కట్టాలి అన్నది విడిగా రాయాలి. రూము, టిఫిన్ కంపెనీకి, లాండ్రీ, బయట నుంచి తెప్పించుకున్నవి గెస్టుకు, తాగిన మందు బిల్లు ఎప్పుడూ గెస్టుకే. 'దాన్ని భోజనం కింద రాసేయండి' అని రాత్రి పూట కౌంటర్ దగ్గర అడుగుతారు, చాలా ప్రేమగా అడుగుతారు. రాయొద్దు. ఇద్దరు మనుషులకు తొమ్మిది భోజనాలు ఏంటని ఆడిట్‌లో దొరికిపోతే ఆయన తప్పించుకుంటాడు, కంపెనీ దృష్టిలో దొంగ బిల్లు ఇచ్చింది మన హోటలే.

'పక్క హోటల్లో మూడు వందలు తక్కువ' అంటే ఏం చేస్తారు?

మొదట పక్క హోటలుకు పోయి చూస్తాను, నిజమేనా అని. సగం సార్లు అది టిఫిన్ లేని రేటు, లేదా కిటికీ లేని రూము. నిజంగానే తక్కువైతే వెంటనే తగ్గించను, ఇంకేదో ఇస్తాను: రెండు చొక్కాల ఇస్త్రీ, ఎయిర్‌పోర్టు పికప్, ఆలస్యంగా చెక్ అవుట్. రేటు తగ్గించాల్సి వస్తే దానికి బదులు ఒకటి అడుగుతాను, నెలకు నలభై రాత్రులు దాటితేనే ఈ రేటు అని, లేదా ఇరవై రోజుల్లో డబ్బు కడితేనే అని. ఊరికే తగ్గించిన రేటు మళ్లీ జన్మలో పెరగదు.

జీఎస్టీ గురించి క్లయింటు అడిగితే ఏం చెప్పాలి?

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయలు, అంతకంటే తక్కువ రూములకు జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మన ఊళ్లో దాదాపు అన్ని రూములూ ఇందులోకే వస్తాయి. 2,400 రూపాయల రూముకు అంతకుముందు పన్నుతో 2,688 అయ్యేది, ఇప్పుడు 2,520. క్లయింటుకు ఇది మంచి కబురే, కానీ ఇందులో హోటలుకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నవాటి మీద కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు, లేదు. దుప్పట్లు, ఏసీ రిపేర్లు, సబ్బులు కొన్నప్పుడు మనం కట్టే పన్నంతా మన ఖర్చే. 'పన్ను తగ్గింది కదా, రేటు కూడా తగ్గించండి' అన్నప్పుడు ఈ మాట నెమ్మదిగా చెప్పాలి.

ఇంకో గొడవ. హైదరాబాద్ కంపెనీ అకౌంట్స్ వాళ్లు 'మాది తెలంగాణ రిజిస్ట్రేషన్, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) వేసి బిల్లు ఇవ్వండి' అంటారు. కుదరదు. హోటల్ రూము ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రానిదే, అంటే కేంద్రం వాటా సీజీఎస్టీ రెండున్నర శాతం, రాష్ట్రం వాటా ఏపీ ఎస్‌జీఎస్టీ రెండున్నర శాతం. వాళ్లకు ఆంధ్రాలో రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ క్రెడిట్ వాళ్లకు రాదు. ఇది కాంట్రాక్టు రోజే చెప్పేయండి. నాలుగు నెలల తర్వాత చెబితే బిల్లులన్నీ వెనక్కి వస్తాయి.

బిల్ టు కంపెనీ ఇవ్వొచ్చా? బాకీలు ఎట్లా వసూలు చేస్తారు?

బిల్ టు కంపెనీ అంటే గెస్టు డబ్బు కట్టకుండా పోతాడు, బిల్లు తర్వాత కంపెనీకి పంపి వసూలు చేసుకోవాలి. కొత్త కంపెనీకి ఇవ్వను. మూడు నెలలు డబ్బు కట్టి పొమ్మంటాను, తర్వాత చూస్తాను. ఇచ్చినా ఒక పరిమితి పెడతాను, ఉదాహరణకు లక్షన్నర. అది దాటితే కొత్త బుకింగ్ ఆగుతుంది, నేను ఆపను, సిస్టమ్ ఆపుతుంది అని చెప్పుకోవచ్చు, కొంచెం పిరికితనమే అనుకోండి, కానీ స్నేహం మిగులుతుంది.

బిల్లు ఆగిపోయేది డబ్బు లేక కాదు, కాగితం లేక. గెస్టు సంతకం లేదు, వర్క్ ఆర్డర్ నంబరు వేయలేదు, జీఎస్టీ నంబరులో ఒక అంకె తప్పు, బుకింగ్ మెయిల్ ప్రింటు జత చేయలేదు. అందుకే నేను చెక్ అవుట్ అయిన రెండు రోజుల్లోనే బిల్లు పంపిస్తాను, మూడో రోజు ఫోన్ చేసి 'అన్నా, కాగితాలు అన్నీ సరిపోయినాయా' అని మాత్రమే అడుగుతాను, డబ్బు మాటే ఎత్తను. పాస్ అయ్యిందా అన్నది పదిహేనో రోజున, పడిందా అన్నది ముప్పయ్యో రోజున. టీడీఎస్ (కట్టేవాళ్లు ముందే పట్టుకునే ఆదాయపన్ను) కోసుకుని వేస్తే ఆ కోత మన పాన్ మీద చూపించారో లేదో అకౌంట్స్ వాళ్లతో చూపించుకోవాలి.

చాలామంది ఓనర్లకు తెలియనిది ఒకటుంది. హోటల్ సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యం (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) రిజిస్ట్రేషన్ చేసుకుని ఉంటే, 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం కొనేవాళ్లు డబ్బు కట్టడం ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటించకూడదు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే వడ్డీ కట్టాలి. దానికి తోడు 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపన్ను వైపు నుంచి కూడా బిగించారు, గడువు దాటిన బాకీని నిజంగా కట్టిన ఏడాదే ఖర్చుగా చూపించుకోవాలి. అందుకే మార్చి నెలలో కొన్ని కంపెనీలు వాళ్లే ఫోన్ చేసి 'మీ ఉద్యం సర్టిఫికెట్ పంపండి' అంటున్నాయి. ప్రతి బిల్లు కింద ఉద్యం నంబరు వేయండి. కేసు పెట్టమని కాదు, నేను ఇంతవరకు ఎవరి మీదా పెట్టలేదు, ఆ నంబరు కనపడితే ఫైలు కాస్త తొందరగా కదులుతుంది.

ప్రభుత్వ శాఖల బిల్లుల గురించి అడగకండి. ఓపిక ఉంటే చేయండి.

పెళ్లి పార్టీ నలభై రూములు అడిగింది, అదే రోజు కంపెనీ వాళ్లు ఉన్నారు. ఎవరికి ఇవ్వాలి?

లెక్క వేద్దాం. హోటల్లో 60 రూములు. ఆ గురువారం ఒక ప్రాజెక్టు కంపెనీ 15 రూముల్లో ఉంది, రూముకు 2,100. ఇతరులు 20. ఖాళీ 25. పెళ్లివాళ్లకు 40 కావాలి, 2,800 ఇస్తారు. కంపెనీని ఖాళీ చేయిస్తే ఆ 15 రూముల మీద మనకు ఎక్కువ వచ్చేది రూముకు 700, అంటే 10,500. కంపెనీ నెలకు 20 రాత్రులు ఉంటుంది, 15 రూములు, మొత్తం 6,30,000. పదివేల కోసం ఆరు లక్షల ముప్పై వేల ఖాతాను కదిలించాలా?

'అట్లా అయితే పెళ్లి మొత్తం పక్క హోటలుకు పోతుంది, హాలు, భోజనాలు అన్నీ పోతాయి' అని మా ఓనరు అంటాడు. అదీ నిజమే, ఆయన తప్పేం కాదు. అందుకే పెళ్లివాళ్లకు 25 ఇచ్చి, మిగతా 15 పక్క హోటల్లో నేనే మాట్లాడి ఇప్పిస్తాను, పక్క హోటల్ సేల్స్ వాళ్లతో అందుకే గొడవ పెట్టుకోకూడదు. పెళ్లివాళ్లకు కావాల్సింది పెళ్లికూతురు, పెళ్లికొడుకు తరఫు దగ్గరవాళ్లు ఒకచోట ఉండటం, చిన్నాన్న స్నేహితులు ఎక్కడ పడుకున్నా ఎవరికీ పట్టదు.

అసలు ఆ రోజుదాకా రానివ్వకూడదు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే నేను చేసే మొదటి పని ముహూర్తాలు, మూఢాలు చూసి ఆఫీసు క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోవడం. వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, మాఘం ముహూర్తాల్లో కంపెనీలకు ముందే చెప్పేస్తాను, ఈ తేదీల్లో రూములు కావాలంటే పది రోజుల ముందు చెప్పండి అని. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం వచ్చినప్పుడు హాలు ఖాళీ, అప్పుడు విత్తనాల కంపెనీలు, బ్యాంకు ట్రైనింగుల వెంట పడతాను. హైదరాబాద్ నుంచి వచ్చిన మా రెవెన్యూ మేనేజరు ఒకాయన ల్యాప్‌టాప్‌లో గ్రాఫులు వేసి జులైలో హాలు బుకింగులు ఎందుకు పడిపోతున్నాయో నెల రోజులు వెతికాడు. వాళ్ల అమ్మను అడిగినా చెప్పేది.

ఫార్మా కంపెనీల డాక్టర్ల మీటింగులు ఇప్పుడు తగ్గాయా?

స్వభావం మారింది. 2024 మార్చిలో కేంద్రం ఫార్మా మార్కెటింగ్ మీద కొత్త నియమావళి తెచ్చింది. డాక్టర్లకు, వాళ్ల కుటుంబాలకు బహుమతులు ఇవ్వకూడదు. సదస్సులో మాట్లాడే డాక్టరుకు తప్ప మిగతావాళ్లకు కంపెనీ ఖర్చుతో ప్రయాణం, హోటల్ బస ఇవ్వకూడదు. కాబట్టి 'ఇరవై రూములు, కుటుంబాలతో' లాంటి ప్యాకేజీ పట్టుకుని ఫార్మా మేనేజరు దగ్గరికి పోవద్దు, ఆయనను ఇబ్బంది పెట్టినట్టే. హాలు, ప్రొజెక్టరు, టీ, మామూలు భోజనం, మాట్లాడే డాక్టరుకు ఒక రూము, ఇంతే కోట్ చేయండి. మెడికల్ రెప్‌ల నెలవారీ మీటింగులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి, అవి చిన్నవే అయినా క్రమం తప్పవు.

మీరు చేసిన పెద్ద తప్పు ఏంటి?

ఒక సోలార్ కంపెనీ టీముకు పన్నెండు రూములు ఖాయం చేశాను. హైదరాబాద్ నుంచి కార్లలో వస్తున్నారు. సాయంత్రం ఏడింటికి రిసెప్షన్ వాళ్లు చెప్పారు, ముందురోజు దిగిన పెళ్లివాళ్లు ఐదు రూములు ఖాళీ చేయలేదు, ఇంకో రాత్రి ఉంటామంటున్నారు అని. తొమ్మిదికి ఒకటన్నా ఖాళీ అవుతుందిలే, పదికన్నా అవుతుందిలే అని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. పదిన్నరకు ఫోన్ చేసేసరికి వాళ్లు పుల్లూరు టోల్ గేటు దాటేశారు. ఐదుగురిని వేరే హోటలుకు పంపించాను, తేడా డబ్బు మేమే కట్టాం, పొద్దున టిఫిన్ క్యారియర్ నేనే తీసుకుపోయాను.

వాళ్ల అడ్మిన్ మేడం అరవలేదు. 'ఏడింటికి తెలిసింది కదమ్మా, అప్పుడే చెప్పింటే జడ్చర్లలోనో ఇంకో చోటనో ఆపేదాన్ని, పదకొండింటికి రోడ్డు మీద నిలబెట్టావ్' అంది. అంతే. రూము లేకపోవడాన్ని ఆమె క్షమించింది, ఆ మూడున్నర గంటలను క్షమించలేదు. తర్వాత ఏడాదిపాటు ప్రతి బుకింగుకూ సాయంత్రం ఆరింటికి ఒకసారి ఫోన్ చేసి అడిగేది, 'ఉన్నాయా నిజంగా?' అని.

అడ్మిన్ మనిషి తన జేబుకు రూముకు వంద రూపాయల చొప్పున అడిగితే?

అడుగుతారు, అందరూ కాదు. నేను ఇవ్వను, 'మా ఓనరు ఒప్పుకోరన్నా' అని ఓనరు మీదకు తోసేస్తాను. రెండు ఖాతాలు అట్లా పోయాయి కూడా. ఒకటి మనిషి మారాక తిరిగి వచ్చింది. దీపావళికి స్వీట్ బాక్సు, కొత్త సంవత్సరానికి డైరీ, క్యాలెండరు, అంతవరకే. వాళ్ల కంపెనీ అది కూడా వద్దంటే అదీ మానేస్తాను.

ఆడపిల్లలకు ఈ ఉద్యోగం కుదురుతుందా?

మా అమ్మ మొదటి రెండేళ్లు చుట్టాలకు నేను బ్యాంకులో చేస్తున్నానని చెప్పింది. కుదురుతుంది, కానీ కొన్ని నియమాలు మీరే పెట్టుకోవాలి. మీటింగు లాబీలో, రెస్టారెంటులో, వాళ్ల ఆఫీసులో. రూములో కాదు, 'ఫైలు పైన ఉంది రండి' అన్నా కాదు. రాత్రి క్లయింట్ డిన్నర్ ఉంటే ఇంకో స్టాఫ్ తోడు ఉండాలి. పది మంది, అంతకు మించి పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, వేధించింది బయటి గెస్టు అయినా చర్యకు యాజమాన్యం సాయపడాలి. చేరే ముందే ఆ కమిటీలో ఎవరున్నారని అడగండి. 'అట్లాంటివి మా దగ్గర జరగవమ్మా' అని నవ్వితే ఆ హోటల్ వద్దు. ఖాతా ఎంత పెద్దదైనా సరే, ఇట్లాంటివి భరించక్కర్లేదు. ఒకసారి ఒక మనిషి ప్రవర్తన వల్ల నేను ఖాతానే వదిలేశాను, మా జీఎం నన్ను ఒక్క మాట అనలేదు.

జీతం ఎంత?

మొదట్లో తక్కువే, ఇన్సెంటివ్ మీద బతుకు. చేరేటప్పుడు ఒక్కటి అడగండి, ఇన్సెంటివ్ బుక్ చేసిన దాని మీదా, వసూలైన దాని మీదా అని. వసూలైన దాని మీద అంటే భయపడకండి, ఆ హోటల్ నడిపేవాళ్లకు లెక్క తెలుసని అర్థం.

టార్గెట్ మీటింగులో రెవ్‌పార్ అంటారు, అదేంటి?

60 రూముల్లో 36 అమ్ముడయ్యాయి, సగటు రేటు 2,400. వచ్చింది 86,400. దాన్ని అమ్మిన 36తో కాదు, ఉన్న 60తో భాగించాలి, 1,440. అదే రెవ్‌పార్. రేటు తగ్గించి 48 నింపారనుకోండి, సగటు 1,750కి పడితే వచ్చేది 84,000. హోటల్ నిండినట్టు కనిపిస్తుంది, డబ్బు తగ్గింది, ఉతకాల్సిన దుప్పట్లు మాత్రం పెరిగాయి.

వేరే హోటలుకు మారితే క్లయింట్లు నాతో వస్తారా?

కొందరు వస్తారు. కానీ కాంట్రాక్టులు, రేట్ల పట్టికలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోవద్దు, ఆ కాగితాలు హోటలువి. ఊరు చిన్నది. రాజ్‌విహార్ సెంటర్‌లో టీ తాగుతుంటే పాత ఓనరు, కొత్త ఓనరు ఒకే బల్ల మీద కనిపిస్తారు.

వచ్చే వారం చేరుతున్నాను. ముందు ఏం చేయాలి?

మొదటి రాత్రి మీ హోటల్లో అన్నింటికంటే తక్కువ రేటు రూములో పడుకోండి. వేడినీళ్లు ఎన్ని నిమిషాలకు వస్తాయో, ఫోన్ సిగ్నల్ ఏ మూలన వస్తుందో, లారీల చప్పుడు ఎన్నింటిదాకా ఉంటుందో రాసుకోండి. పొద్దున ఎనిమిదికి స్కూటీ మీద ఓర్వకల్లు దాకా పోయి ఎంతసేపు పడుతుందో చూడండి, క్లయింట్లు మొదట అడిగేది అదే. తర్వాత అకౌంట్స్‌లో కూర్చుని 60 రోజులు దాటిన బాకీల లిస్టు అడగండి, ఎవరి ఫైలు ఏ కాగితం లేక ఆగిందో చూడండి. అందులో ఒక్కటైనా మీరు కదిలించి డబ్బు తెప్పిస్తే, రెండో వారం మీరు కొత్త క్లయింటు దగ్గరికి పోవడానికి కారు అడిగినప్పుడు ఓనరు ఎందుకని అడగడు.